చిటికె కిటికీ ముందు చేతులు ఆడించిన నేరం

చిటికె సంస్థ విచారణ సంఘం వారి సముఖానికి ఆరో లంక సంజ్ఞా సహాయకుడు గుడిమెట్ల వైనతేయ, బి.టెక్., సాష్టాంగపడి సమర్పించుకుంటున్న క్షమాపణ.

అయ్యలారా, అమ్మలారా, అన్నింటికీ క్షమించండి. రెండు చేతులతో పుట్టినందుకు క్షమించండి. ఆ చేతులకి మణికట్లుండి, అవి తిరుగుతున్నందుకు క్షమించండి. దోమ కుట్టినప్పుడు మీ అనుమతి లేకుండా కొట్టినందుకు, అన్నం కలుపుకునేటప్పుడు ఐదు వేళ్లూ వాడినందుకు, ఎదుటి మనిషితో మాట్లాడుతూ స్తంభంలా నిలబడలేకపోయినందుకు నేనూ, మా ఊరూ, మా గోదావరీ సిగ్గుతో తలదించుకుంటున్నాం. గోదారి వరదకి ఎర్రనీళ్లు గట్టెక్కబోయిన ఆ శనివారం ఆరో లంకలో కిటికీలన్నీ ఒక్క క్షణంలో మూతపడటం వెనక పెద్ద కుట్ర ఉందని, దాని సూత్రధారిని నేనేనని మీరు తేల్చారట. అంత పెద్ద పేరు నాకు తగదు. మీరిచ్చారు కాబట్టి భక్తితో పుచ్చుకుంటున్నాను.

అడిగినట్టే నా పని దినచర్య జతచేస్తున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. భాష అక్కడక్కడ ఘాటుగా ఉంటుంది. రాసేటప్పుడు మీరు చదువుతారని తెలియదు. తెలిసుంటే ఇంకా ఘాటుగా రాసేవాణ్ని.

సోమవారం. నీళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

చిటికె తొమ్మిదో కూర్పు రాత్రికి రాత్రి దిగింది. పొద్దున్న లేచి చూస్తే, గోడ మీద ఇల్లంతా నడిపే తెర, అదే కిటికీ, దాని కింద ఉండే నాలుగు మీటలు లేవు. వెనక్కి, ముందుకి, ఆపు, మూసెయ్. నా పుట్టుక నుంచీ అక్కడే ఉన్నాయి. 'మూసెయ్' మీద రంగు మా నాన్న బొటనవేలికే సగం అరిగిపోయింది. ఇప్పుడక్కడ నున్నటి గాజు. 'స్వచ్ఛమైన రూపం' అని కింద చిన్న అక్షరాలతో రాశారు. ఇంటికి తలుపు తీసేసి స్వచ్ఛమైన గోడ అన్నట్టుంది.

ఇకమీదట అన్నీ గాలిలో చేతులతోనే. కాలరు పట్టుకునేవాడు లేడు కాబట్టి పై ఆఫీసు వాళ్లు ఏదైనా చేస్తారు. పై ఆఫీసంటే నిజంగానే పైన, కక్ష్యలో. అక్కడ అందరూ తేలుతూ ఉంటారు కాబట్టి చేతులెప్పుడూ ఏదో ఒక పట్టీని పట్టుకునే ఉంటాయట. మాట్లాడేటప్పుడు వాళ్ల పెదాలు మాత్రమే కదులుతాయి. దోమలుండవు. గిన్నెలుండవు. అలాంటి చోట కూర్చుని మాకు సంజ్ఞలు కనిపెట్టారు.

వాటిని ఇంటింటికీ తిరిగి నేర్పడం నా ఉద్యోగం. మణికట్టు తిప్పి అరచెయ్యి పైకి చూపిస్తే వెనకటి పేజీ. బొటనవేలు చూపుడువేలి కొసకి ఆనిస్తే అక్షరాలు చిన్నవవుతాయి. చప్పట్లు కొడితే ఎదురుగా ఉన్న పేజీ బొమ్మ తీసి మనకి తెలిసిన వాళ్లందరికీ పంపేస్తుంది. ఎందుకు పంపాలి అని అడగకూడదు.

మొదటి ఇల్లు మా పక్క తెప్ప మీద ఉండే కాసులమ్మ అత్తది. బంధుత్వం లేదు. నేను అత్తా అంటాను, ఆవిడ అల్లుడూ అంటుంది, ఆవిడకి కూతురు లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఆవిడ ఇల్లే ఆవిడ భోజనశాల. సగం లంక అక్కడే తింటుంది. నేను వెళ్లేసరికి పులుసు మరుగుతోంది. పొయ్యి కూడా కిటికీ మీదే నడుస్తుంది.

"ఏట్రా అల్లుడూ, మీటలేయి?" అంది కాసులమ్మ అత్త, చెయ్యి తిప్పి.

పొయ్యి పేజీ వెనక్కి పోయింది. మంట ఆరింది.

"అదేటి?" అంది. మళ్లీ తిప్పింది. దానికి ముందు పేజీ వచ్చింది. అందులో నీళ్ల పంపు ఉంది. అది ఆగింది.

"అత్తా, చెయ్యి దించు."

"చెయ్యి దించి మాటాడ్డమేటి? నేనేవన్నా జబ్బు మనిషినా?"

ఈ మాటతోపాటు ఇంకో రెండు తిప్పులు. తలుపు తెరుచుకుంది, దీపాలు పోయాయి, కిటికీ మా ఇద్దరికీ శుభోదయం చెప్పింది.

ఇలాంటి ఇళ్లు ఇవాళ పన్నెండు చూశాను. ఫిర్యాదు పంపాను: 'ఏమిటి అని అడగడానికి మా ప్రాంతంలో వాడే కదలికనే వెనక్కి పోవడానికి పెట్టారు. దయచేసి దీన్ని ఆపుకునే వీలు ఇవ్వండి.' జవాబు వెంటనే వచ్చింది: 'ఎంపికలు పెరిగితే వినియోగదారులు తికమకపడతారని మా అధ్యయనంలో తేలింది. చేతిని ఆత్మవిశ్వాసంతో కదపండి.'

బుధవారం. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. పైన భద్రాచలం దగ్గర వానలట.

ఇవాళ నవ్వు రాలేదు.

ఎర్రనీళ్లు రాకముందు ప్రతి తెప్ప ఇల్లూ గట్టు కట్టు కొత్తగా రాయించుకోవాలి. గట్టుకి ఆనుకుని, లావు తాళ్లతో ఉండే చోటు అది. వచ్చే వారం శనివారం పొద్దుగూకేలోపు రాయించుకోని ఇళ్ల తాళ్లు వాటంతటవే వదులవుతాయి. లాగుడు పడవ వచ్చి వాటిని దిగువ లంగరుకి, సముద్రపు మూతి దగ్గరకి తీసుకెళ్లి కడుతుంది. 'కడుతుంది' అని సంస్థ రాసింది. పోయినేడాది దిగువ లంగరులో కట్టిన ఇళ్లలో రెండు ఎర్రనీళ్లకి తెగిపోయాయి. ఒకటి కాసులమ్మ అత్త వాళ్లక్క మాణిక్యమ్మది. ఇల్లూ దొరకలేదు, మాణిక్యమ్మా దొరకలేదు. ఆవిడ తప్పేమీ లేదు. అర్జీ రాస్తుండగా పేజీ ఎగిరిపోయింది, గడువు దాటింది. అప్పటికింకా ఎనిమిదో కూర్పు. మీటలున్న రోజుల్లోనే అలా జరిగిందంటే ఇప్పుడేం జరుగుతుందో ఊహించడానికి బి.టెక్. అక్కర్లేదు.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. తాడు వదలాలన్నా కిటికీ ఆజ్ఞే కావాలి. కిటికీ ఏ కారణంతోనైనా మూతపడితే ఆజ్ఞ ఉండదు, తాడు ఎక్కడిదక్కడ బిగుసుకుని ఉంటుంది. మొత్తం చిటికెలో మనిషి ఆలోచించి పెట్టినది ఇదొక్కటే. పొరపాటున పెట్టి ఉంటారు.

అర్జీని ఇంటి యజమాని చేతులే నడపాలి, కిటికీ వాటిని గుర్తుపడుతుంది. జవాబులు నోటితో చెప్పాలి, పేజీలు చేత్తో కదపాలి. కాసులమ్మ అత్తా నేనూ పొద్దున్న కూర్చున్నాం. మధ్యాహ్నానికి తాళ్ల కొలతల పట్టిక దాకా వచ్చాం. ఆ పట్టిక కిటికీ కన్నా వెడల్పు. కుడివైపు గడులు కనబడాలంటే చెయ్యి అడ్డంగా ఈడ్చాలి. ఈడుస్తూ ఈడుస్తూ పట్టిక చివరికొస్తే, అదే ఈడ్పుకి అర్థం మారిపోతుంది. పట్టిక అయిపోయింది కాబట్టి అక్కణ్నించి అది 'ఈ పని వదిలేసి వెళ్లిపో' అవుతుంది. చివర ఎక్కడుందో చివరికి చేరేదాకా తెలియదు. చేరాక తెలుసుకుని లాభం లేదు.

కాసులమ్మ అత్త చెయ్యి ఒక బెత్తెడు ఎక్కువ జరిగింది.

పొద్దుటి నుంచి రాసిందంతా పోయింది. దాచుకోదు ఈ కిటికీ. 'నిజంగా పోతారా?' అని ఒక్క మాట అడగదు. మా భోజనశాలలో మజ్జిగ పోసే ముందు కూడా ఆవిడ "సాలా, ఇంకొంచెం వెయ్యనా?" అని అడుగుతుంది. చదువూ సంధ్యా ఉన్న కిటికీకి ఆపాటి మర్యాద రాలేదు.

తెర మీద ఇలా వచ్చింది: 'మొదటి ప్రయత్నం విఫలం. మూడుసార్లు విఫలమైతే మీవి అస్థిర హస్తాలుగా నమోదవుతాయి. నెల రోజుల విశ్రాంతి తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు.'

అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది ఆవిడ. "ముప్పయ్యేళ్లుగా చేప ముల్లు తీసి పెడతన్నాను ఈటితో, ఒక్కడి గొంతులోనూ దిగలేదు. ఈటికా అస్థిరం?"

శుక్రవారం. నీళ్లలో కొంచెం బురద.

రెండో ప్రయత్నానికి నాది మహత్తరమైన ఆలోచన. కదపకుండా ఉండలేకపోతోంది కాబట్టి ఆవిడ చేతులు రెండూ తువ్వాలుతో ఒళ్లో కట్టేశాను. పేజీ కదపాల్సినప్పుడు విప్పుతాను, జవాబు చెప్పేటప్పుడు కడతాను.

"మీ తెప్పకి ఎన్ని గదులు?" అని కిటికీ అడిగింది.

కాసులమ్మ అత్త నోరు తెరిచింది. మాట రాలేదు. భుజాలు కదిలాయి, మెడ కదిలింది, కళ్లు పెద్దవయ్యాయి. లంక మొత్తానికి వినిపించేలా మాట్లాడే మనిషి, చేతులు కట్టేసరికి రెండు గదులు అని చెప్పలేకపోయింది.

"ఇప్పరా బాబూ," అంది చివరికి ఊపిరాడనట్టు. "నాకు మాటల్లేవ్."

విప్పాను. మాటలొచ్చాయి. వాటితోపాటు చేతులూ వచ్చాయి. వంటగది వెడల్పు చెబుతూ "ఇంకొంచెం తక్కువే" అని వేళ్ల కొసలు కలిపేసరికి అక్షరాలు చీమలంతయ్యాయి. చదవడానికి నేను ముందుకి వంగితే నా చెవి దగ్గర దోమ. ఆవిడ రెండరచేతులతో కొట్టింది. చప్పట్ల లెక్క కింద, సగం నింపిన ఆ అర్జీ బొమ్మ ఊరందరికీ వెళ్లిపోయింది. అవతలి తెప్ప వాళ్లు వెంటనే పిలిచి, "ఏమ్మా, మీ వంటగది అంతేనా? మేం పెద్దదనుకున్నాం," అన్నారు.

"ఏటే, నీ వంటగదేవన్నా మైదానమంత ఉందా?" అని చెయ్యి తిప్పింది ఆవిడ.

వెనక్కి. అంతా పోయింది. రెండో ప్రయత్నం విఫలం.

ఇంటికెళ్లి పై ఆఫీసుకి పెద్ద ఫిర్యాదు రాశాను. రాసి, చదువుకుని, "ఏమిట్రా ఈ బతుకు" అనుకుంటూ చెయ్యి తిప్పాను. ఫిర్యాదు పోయింది.

మంగళవారం. బురద పెరిగింది. కట్టె ముక్కలు కొట్టుకొస్తున్నాయి.

సాధించాం. ఆ తర్వాత పోగొట్టుకున్నాం. వరసగా రాస్తాను.

పొద్దున్న చేపల రేవుకి వెళ్లాను. పెద్ద బేరగాళ్లు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కుకుంటూ ధర మాట్లాడుకుంటున్నారు. పక్కవాడికి ధర తెలియకుండా ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. వాళ్ల వెనకాలే గోడ మీద రేవు కిటికీ ఉంది. ఊళ్లో కిటికీలన్నీ పిచ్చెత్తి తిరుగుతుంటే అదొక్కటే కిక్కురుమనకుండా ఉంది. తువ్వాలు కింద చేతులు దానికి కనబడవు.

పరుగెత్తుకొచ్చి, శుక్రవారం ఆవిడ చేతులు కట్టిన ఆ తువ్వాలునే ఈసారి వాటి మీద కప్పాను. "అత్తా, కింద నీ ఇష్టం. ఆడించుకో."

ఆడించింది. తువ్వాలు కింద పిల్లులు కొట్టుకుంటున్నట్టుంది. మాటలు మాత్రం గోదారిలా వచ్చాయి. పేజీ కదపాల్సినప్పుడు ఒక్క చెయ్యి బయటికొచ్చి, కదిపి, మళ్లీ లోపలికి పోయేది. పట్టిక దగ్గర నేను ఊపిరి బిగబట్టి "ఆపు, ఆపు, ఇంక చాలు" అంటుంటే గడి గడిగా ఈడ్చింది. సాయంత్రానికి ఆఖరి పేజీ. పంపమని చెప్పింది. తెర మీద 'మీ అర్జీ వెళ్తోంది' అని చిన్న చక్రం తిరగడం మొదలైంది.

కాసులమ్మ అత్త కళ్లలో నీళ్లు. తువ్వాలు తీసి అవతల పడేసింది. "నా తండ్రే, మా అక్కకి నీలాంటోడు పక్కన లేకపోయాడు," అంది. నా మొహం చుట్టూ రెండు చేతులూ తిప్పి, వెనక్కి లాక్కుని, కణతలకి ఆనించి మెటికలు విరిచింది. పదీ విరిగాయి.

అప్పటికి నాకా సంజ్ఞ గుర్తుకొచ్చింది. మా సంజ్ఞల మాన్యువల్ చివరి పేజీలో ఉంది. రెండు చేతులూ ముందుకు చాచి, తిప్పి, వేళ్లు ముడిచి కణతల దగ్గరికి తెస్తే: ఆ కిటికీ కింద తెరిచి ఉన్నవన్నీ, అడగకుండా, దాచకుండా, మూసెయ్. దాని కింద వివరణ కూడా ఉంది: 'ఇలాంటి వింత కదలికను ఏ మనిషీ పొరపాటున చేసే అవకాశం లేదు. అందుకే అతి ప్రమాదకరమైన ఆజ్ఞకు దీన్ని ఎంచుకున్నాం.'

పైన తేలుతున్న ఆ మహానుభావుల్లో ఒక్కడికీ దిష్టి తీసే అమ్మ లేదా? నాయనమ్మ లేదా? పక్కింటావిడైనా లేదా?

కిటికీ నల్లబడింది. మా ఇంటి కిటికీ నుంచి ఆజ్ఞ ఇచ్చి మళ్లీ తెరిస్తే చక్రం లేదు, అర్జీ లేదు. కాసులమ్మ అత్త చేతుల బొమ్మ, దాని మీద ఎర్రగా 'అస్థిర హస్తాలు'.

జరిగింది చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, కిటికీని తిట్టలేదు. చేతులు చీర చెంగులో చుట్టుకుంది. "ఇంకెవడికీ తియ్యను," అంది. "ఎవుడెట్టా పోయినా సరే."

నా దిష్టి పోయింది. ఆవిడ ఇల్లు పోతోంది.

గురువారం. ఎర్రనీళ్లు.

రాత్రికి రంగు మారింది. ఇటుక పొడి కలిపినట్టుంది. ఊళ్లో ఇంకా పదిళ్ల మీద ఇదే ముద్ర పడింది. ఒకాయన అన్నం ముద్ద కలుపుతూ పోగొట్టుకున్నాడు. ఇంకొకావిడ చంటిపిల్లని జోకొడుతూ.

లంక పర్యవేక్షకుడు బుచ్చిరాజు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని మాట్లాడారు. తొమ్మిదో కూర్పు దిగినప్పటి నుంచీ అలాగే ఉంటున్నారు. తెలివైనవారు.

"ముద్ర తీసే అధికారం నాకు లేదయ్యా. పై ఆఫీసు నుంచి నభోనాథ్ గారు దిగుతున్నారు రేపు. సంజ్ఞలన్నీ ఆయన పుట్టించినవే. అడుగు," అన్నారు. తర్వాత మొహం వెలిగిపోయింది. "అన్నట్టు మీ లంకకి గొప్ప గౌరవం! శనివారం సాయంత్రం విజయోత్సవ సభ. చిటికెతో ఎక్కువ గంటలు గడిపిన ఉత్తమ వినియోగదారుని పైనుంచే ఎంపిక చేశారు. శాలువా కప్పుతారు."

"ఎవరండీ?"

"పేరేదో... కాసులమ్మ."

పదిహేను రోజుల్లోపు మూడుసార్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏడుస్తూ దాని ముందు కూర్చుంది కదా. వాళ్ల లెక్కలో అది ప్రేమ.

శుక్రవారం. గట్టు మెట్లు మూడు మునిగాయి.

నభోనాథ్ గారు దిగారు. కుర్రవాడే, నాకంటే రెండేళ్లు పెద్ద ఉంటాడేమో. కక్ష్యలోనే పుట్టి పెరిగాడు, తల్లిదండ్రులు తెలుగువాళ్లే. నేల బరువు అలవాటు లేదు కాబట్టి చక్రాల కుర్చీలో, ఉడికించిన ముల్లంగిలా తెల్లగా వాలిపోయి ఉన్నాడు. చేతులు ఒళ్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. జాలి పడదామనుకున్నాను. మాట్లాడాడు, జాలి పోయింది.

"కాసులమ్మ గారి చేతుల మీద ముద్ర తీసేయండి సార్. రేపటితో గడువైపోతుంది."

"ఒకరికి తీస్తే అందరికీ తీయాలి," అన్నాడు.

"అందరికీ తీయండి."

"అప్పుడు ముద్రకి అర్థం ఏముంటుంది?"

"పోనీ మూసేముందు ఒక్కసారి అడిగేలా పెట్టండి. పాత మీటలు ఉంచుకునే వీలైనా ఇవ్వండి. ఇష్టం లేని సంజ్ఞని ఆపుకునే వీలు."

చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు నవ్వాడు. "చేతులు ఎందుకంత ఆడిస్తారు మీరు? పైన మేం ఎవరం ఆడించం. అలవాటు మార్చుకుంటే సమస్యే లేదు. మంచి రూపకల్పన మనిషిని మెరుగుపరుస్తుంది."

"దిగువ లంగరులో పోయినేడు మనిషి పోయింది సార్."

"ఆ సంఖ్య మా దగ్గర ఉంది. చాలా స్వల్పం."

మాణిక్యమ్మ వండిన పనసపొట్టు కూర తిన్నవాణ్ని నేను. ఆవిడ సంఖ్య. ఆవిడ స్వల్పం. బయటికొచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఏ మాన్యువల్లోనూ లేని ఒక సంజ్ఞ చేశాను. కొంచెం తేలికపడింది.

శనివారం. నీళ్లు గట్టు అంచున.

సభ గట్టు మైదానంలో. వేదిక వెనక ఇంటి గోడంత పెద్ద కిటికీ. లాగుడు పడవలు రెండు పొగ పెట్టుకుని రేవులో సిద్ధంగా ఉన్నాయి. పొద్దుగూకితే తాళ్లు వదులవుతాయి. కాసులమ్మ అత్త తన తెప్ప మీది గిన్నెలన్నీ కడిగి బోర్లించి వచ్చింది. దిగువకి పోతే గిన్నెలు దొర్లకుండా తాడుతో కట్టింది కూడా.

ఆవిణ్ని వేదిక మీదకి తీసుకెళ్లమని నాకు చెప్పారు, సహాయకుణ్ని కదా. పక్కనే నిలబడ్డాను.

నభోనాథ్ గారు కుర్చీలోంచే మాట్లాడారు. "ఊరి కిటికీలన్నిటినీ ఈ పెద్ద కిటికీకి కలిపాం. ఇక్కడ ఒక చెయ్యి కదిలితే ఊరంతా కదులుతుంది. అనుమతులు లేవు, మీటలు లేవు, అడ్డంకులు లేవు. ఎవరి చెయ్యైనా సరే! ముద్రపడిన చెయ్యినైనా ఇవాళ ఇది మన్నిస్తుంది. అమ్మా, మీరే రండి. ఏదైనా ఒక సంజ్ఞ చేసి ఊరికి చూపించండి."

అర్జీకి మన్నించని చెయ్యి ప్రదర్శనకి పనికొచ్చింది.

శాలువా కప్పారు. కాసులమ్మ అత్త చేతులు శాలువా లోపలే బిగించుకుని నిలబడింది. జనం చూస్తున్నారు. ముద్రపడిన పదిళ్ల వాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. కుర్చీలో నభోనాథ్ గారు చెమటలు కక్కుతున్నారు. పెదాలు పాలిపోయాయి, మెడ నిలవడంలేదు.

ఆవిడ నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. ఆవిడ మొహం మెత్తబడింది. "అయ్యో నా తండ్రే," అంది. శాలువా జారిపోయింది. రెండు చేతులూ ఆయన మొహం చుట్టూ తిరిగాయి, కణతలకి వచ్చాయి. మెటికలు మైకులో వినిపించాయి.

పెద్ద కిటికీ నల్లబడింది. తర్వాత మైదానం దీపాలు. తర్వాత గట్టు పొడుగునా ఇల్లిల్లూ. చివరికి రేవు. లాగుడు పడవల కూతలు కూడా ఆగిపోయాయి.

సూర్యుడు అస్తమించాడు. ఒక్క తాడూ వదులవ్వలేదు.

"తెరవండి, వెంటనే తెరవండి!" అని బుచ్చిరాజు గారు జేబుల్లోంచి చేతులు తీసి మరీ అరిచారు.

"ఎలా తెరుస్తాం?" అన్నారు నభోనాథ్ గారు. "తెరువు అనే ఆజ్ఞ కిటికీ లోపల ఉంటుంది."

ఆ తర్వాత. తేదీ వేయాల్సిన కిటికీ లేదు.

పైనుంచి పనిముట్లు దిగేసరికి ఎర్రనీళ్లు పొంగి, గట్టుని గుద్ది, తగ్గిపోయాయి. ముద్రపడిన పదకొండిళ్లూ ఉన్నాయి. కాసులమ్మ అత్త గిన్నెల తాడు విప్పింది. కిటికీల్లేని ఆ రోజుల్లో పొయ్యి ఊకతో మండించింది. తలుపులు చేత్తో తెరిచాం. అవి తెరుచుకున్నాయి, ఆశ్చర్యం. నభోనాథ్ గారు ఆ భోజనశాలలోనే తిన్నారు, వేరే దిక్కులేక. మూడో రోజుకి ముద్ద కలపడం వచ్చింది. పులుసు బాగుంటే చేత్తో చెప్పడం కూడా మొదలుపెట్టారు. అయినా ఆయనంటే నాకు కోపం పోలేదు. పోకూడదు కూడా. మాణిక్యమ్మ తిరిగి రాలేదు.

దినచర్య ఇంతటితో అయిపోయింది.

అయ్యలారా, మీ నేరారోపణ చదివాను. శత్రు సంస్థకి అమ్ముడుపోయానన్నారు. కాదు, ఎవరూ కొనడానికి రాలేదు. కాసులమ్మను ఎంపిక చేయించానన్నారు. చేసింది మీ లెక్కలు. కిటికీలన్నీ ఒకదానికొకటి కట్టానన్నారు. కట్టింది మీరు, సభలో గొప్పగా చెప్పింది మీవాడు. ఆ సంజ్ఞ ఆవిడకి నేర్పానన్నారు. అది ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది, ఆవిడకి వాళ్లమ్మ. మీరు దాన్ని దొంగిలించి మీ మాన్యువల్లో ప్రమాదం కింద రాసుకున్నారు. ఆవిడ తెలిసి చేసిందా, తెలియక చేసిందా అని అడుగుతున్నారు. నేనడగలేదు. మీరూ అడక్కండి. అడిగితే చెయ్యి తిప్పి "ఏటి?" అంటుంది, మీ విచారణ వెనకటి పేజీకి పోతుంది.

నేను చేసిందల్లా ఒక్కటే. వేదిక మీద, శాలువా కప్పాక, ఆవిడ నా వైపు చూసినప్పుడు, చెవిలో చిన్నగా అన్నాను: "అత్తా, పాపం ఆ అబ్బాయిని చూడు, ఎలా వాడిపోయాడో. పొద్దుట్నుంచి ఊరి కళ్లన్నీ అతని మీదే."

చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉన్నాను. మీరు నేర్పినట్టే.